గుండ్రంగా ఉంటే చాలు: పిండాల ఎంపికలో తిరుగులేని చిట్కాలు

పిండ మార్పిడిలో శిక్షణ అయిందనిపించుకుని, భుజాన సంచి తగిలించుకుని, బెజవాడ చుట్టుపక్కల పాడి ఊళ్ల మీదికి బయల్దేరబోతున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. కంకిపాడు వెళ్లండి, ఉయ్యూరు వెళ్లండి, పామర్రు వెళ్లండి. ప్రతి కొట్టంలో ముర్రా గేదె ఉంటుంది, దాని పక్కన మంచి పెయ్యదూడ మీద ఆశ పెట్టుకున్న మనిషి ఉంటాడు. ఆ ఆశే మన పెట్టుబడి. పైగా గేదె చూడి మోసేది పది నెలలు. ఆలోగా డబ్బు చేతికొస్తుంది, సిమ్ము మారుతుంది, అవసరమైతే మకాం కూడా మారుతుంది. మీ నడుం నొప్పెట్టకుండా, మధ్యాహ్నం భోజనం వేళకు ఇంట్లో ఉండేలా ఈ పని ఎలా ముగించాలో వరసగా చెబుతాను. మీ సుఖం కోరి చెబుతున్న మాటలు, ఒక్కటి కూడా వదలకండి.

1. దాత పశువును పేరు చూసి ఎంచండి.

పాలు చూసి ఎంచాలంటే ఈత మొత్తం లెక్క కావాలి. నెలనెలా కొలవాలి, వెన్న శాతం రాయాలి, తల్లి ఎంత ఇచ్చిందో, తండ్రి దున్న ఎక్కడిదో కనుక్కోవాలి. 2024 అక్టోబరులో కేంద్రం ఆవులకు గౌ చిప్, గేదెలకు మహిష్ చిప్ విడుదల చేసింది. దూడగా ఉన్నప్పుడే డీఎన్ఏ చూసి అది రేపు ఎంత పాడి ఇవ్వగలదో అంచనా కట్టడానికి పనికొచ్చేవి అవి. అలాంటివి ఊళ్లోకి వస్తే మన నోటిమాటకు విలువ పోతుంది. కాబట్టి ఆ ప్రస్తావన తేకండి.

మీరు నేరుగా సంక్రాంతి పాల పోటీలో కప్పు ఎవరికొచ్చిందో అడగండి. పోటీకి ముందు ఒక పూట పిండకుండా పొదుగు నింపి తోలుకొచ్చారా అని ఆరా తీయకండి. ఒంగోలు జాతి కావాలంటే బండలాగుడులో గెలిచిన గిత్త ఎవరిదో తెలుసుకోండి, ఆ ఇంట్లో ఏ ఆవు ఉంటే దాన్నే దాత అనండి. అది గిత్తకు అక్కో చెల్లెలో, లేక మొన్న సంతలో కొన్నదో మనకు అనవసరం. రెండు గేదెల మధ్య తేల్చుకోలేకపోతే ఎవరి కొట్టం తారురోడ్డు పక్కన ఉందో వాళ్ల గేదెను తీసుకోండి. బురదలో నడిచే బాధ తప్పుతుంది.

2. రక్తపరీక్షల జోలికి పోకండి.

పశువు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా, ఐబీఆర్ రోగాలు ఉన్నాయా అని దాతకు, పిండం మోయబోయే పశువుకు ముందే పరీక్ష చేయించాలంటారు. ఫలితం వచ్చేదాకా పని ఆగిపోతుంది. పశువు ఈసుకుపోతే 'వేడి చేసింది' అనండి. మాయ తీయడం, కొట్టం కడగడం రైతు చూసుకుంటాడు.

3. ఎనిమిది సూదులు ఒక్కసారే పొడిచేయండి.

మామూలుగా ఒక ఎదకు ఆవు ఒకే అండం విడుదల చేస్తుంది. ఎక్కువ రావాలంటే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోను నాలుగు రోజులు, పొద్దునా సాయంత్రం, మోతాదు తగ్గిస్తూ ఇవ్వాలి. మూడో రోజు ప్రోస్టాగ్లాండిన్ ఇచ్చి ఎదకు తేవాలి. ఆ తర్వాత పన్నెండు గంటల తేడాతో రెండుసార్లు వీర్యం వేయాలి. ఇన్నిసార్లు ఒకే ఊరికి తిరిగితే పెట్రోలు ఎవరిస్తారు? మొత్తం మందు ఒకే సిరంజిలో లాగండి, ఒకే పూట ఇచ్చేయండి, మిగతా సూదులు రిజిస్టరులో వేయండి.

దిగుబడి రాకపోతే కంగారు పడకండి. గేదె అండాశయంలో ఆవుకున్నంత అండాల నిల్వ ఉండదు. ఎంత జాగ్రత్తగా చేసినా దాని దగ్గర పనికొచ్చే పిండాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే వస్తాయి. ఈ నిజం మీకు పెద్ద అండ. ఒక్క పిండమూ రాని రోజున గంభీరంగా తలపంకించి, 'గేదె కదండీ' అనండి. ఎదుటివాడు పశువైద్యుడైనా కాదనలేడు.

4. గర్భాశయం కడిగే రోజును మీ తీరికను బట్టి పెట్టుకోండి.

ఆవుకైతే ఎద తర్వాత ఏడో రోజు. గేదె పిండం ఇంకా తొందరగా ఎదుగుతుంది కాబట్టి దాదాపు ఆరో రోజు. ఆ లెక్క తప్పితే పిండం పైపొర చీల్చుకుని బయటికొస్తుంది, పైపొర లేనిదాన్ని పళ్లెంలో వెతకడం కష్టం. దొరకనిదానికి గ్రేడు వేయక్కర్లేదు. అందుకే ఏ ఆదివారమో పెట్టుకోండి, తొమ్మిదో రోజైనా మంచిదే. రైతు ఇంట్లో ఆదివారం కోడికూర కూడా ఉంటుంది.

5. సూక్ష్మదర్శినిలో ఒక్కసారి చూడండి. గుండ్రంగా ఉంటే చాలు.

ఇదే అసలైన చిట్కా. కొత్తవాళ్లు సమయం పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి వివరంగా చెబుతాను.

ఆవు పిండం అడ్డంగా కొలిస్తే మిల్లీమీటరులో ఆరో వంతు ఉంటుంది. గర్భాశయం కడిగిన నీళ్లను వడపోసి పళ్లెంలో పోస్తే బంక, రక్తపు పోగులు, రాలిన కణాల మధ్య అది ఎక్కడో మూలన పడి ఉంటుంది. ఓపికున్నవాళ్లు పళ్లానికి గళ్లు గీసుకుని గడి తర్వాత గడి చూస్తారు. దొరికాక యాభై నుంచి వంద రెట్లు పెద్దదిగా చేసి, సన్నటి గొట్టంతో మెల్లగా దొర్లించి అన్ని పక్కలా చూస్తారు. మంచి పిండమైతే కణాలు ఒకదానికొకటి ఒత్తుకుని గట్టి ముద్దగా ఉంటాయి. రంగు అంతటా ఒకేలా ఉంటుంది, చుట్టూ ఉన్న పారదర్శకమైన పొర నున్నగా, ఎక్కడా నెరియ లేకుండా ఉంటుంది. చెడ్డదైతే ముద్ద ఒక పక్కకు ఒరుగుతుంది, విడిపోయిన కణాలు పొరకూ ముద్దకూ మధ్య ఖాళీలో తేలుతుంటాయి, లోపల నల్లటి మచ్చలు కనిపిస్తాయి.

అంతర్జాతీయ పిండ సాంకేతిక సంఘం, అందరూ ఐఈటీఎస్ అంటారు, దీనికి కొలతలు పెట్టింది. ముద్దలో కనీసం 85 శాతం చెక్కుచెదరకుండా ఉంటే మొదటి గ్రేడు. కనీసం 50 శాతమైతే రెండు, 25 శాతమైతే మూడు. చచ్చినదీ చెడిపోయినదీ నాలుగు. ఎదిగిన దశకు ఇంకో అంకె. ఇంత లెక్క మనసులో పెట్టుకుని ఒక్కో పిండాన్నీ దొర్లిస్తూ కూర్చుంటే మెడ పట్టేస్తుంది. దొర్లించకండి. నెరియ కింది వైపున ఉంటే అది కిందే ఉండనివ్వండి.

పళ్లెంలో అన్నిటికన్నా చక్కగా, దిద్దినట్టు గుండ్రంగా, ఏ మచ్చా లేకుండా ఒకటి కనిపిస్తుంది. చాలాసార్లు అది వీర్యకణం సోకని ఖాళీ అండం. గట్టి ముద్దగా మారిన పిండంలాగే తోస్తుంది, కణాల హద్దులు వెతికితే తప్ప తేడా తెలియదు. మీరు హద్దులు వెతకకండి, అందమైనదాన్నే ముందుగా స్ట్రాలోకి ఎక్కించండి. రైతును పిలిచి కంటికటకం దగ్గర కూర్చోబెట్టి అదే చూపించండి. 'అబ్బ, ముత్యంలా ఉంది బాబూ' అంటాడు. ఫోన్‌లో ఫొటో తీసుకుని దాచుకోండి. ఇకమీదట ఏ ఊరు వెళ్లినా, ఏ పశువుదైనా, మీరు చూపించాల్సిన పిండం అదే.

గేదె పిండంలో కొవ్వు ఎక్కువ, అందుకని సహజంగానే ముదురు రంగులో ఉంటుంది. ఇదీ మనకు కలిసొచ్చే విషయమే. ఎంత కుళ్లి నల్లబడినా 'గేదెది కదా, నలుపే దాని అందం' అనొచ్చు.

6. గ్రేడు గడిలో ఒకటి వేయండి. అన్ని వరుసల్లో ఒకటే.

విదేశాలకు పంపేవి మొదటి గ్రేడువే అయ్యుండాలని చెబుతారు. రెండో గ్రేడు గడ్డకట్టిస్తే కొంత దెబ్బతింటుంది. మూడోది గడ్డకట్టించకుండా అప్పటికప్పుడు తాజాగా పెట్టేయాలి. ఇన్ని రకాల అంకెలుంటే ఇన్ని రకాల నిర్ణయాలు తీసుకోవాల్సి వస్తుంది. రిజిస్టరు నిండా ఒకటే అంకె ఉంటే నిర్ణయాలే ఉండవు. అసలు పొద్దున్నే ఆ వరుస మొత్తం నింపేసుకుని బయల్దేరండి. తనిఖీకి వచ్చిన వాళ్లకు కూడా చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

7. పది కడుగుళ్లకు బదులు ఒక్క ముంచు.

పొరకు అంటుకున్న క్రిములు పోవాలంటే ప్రతిసారీ కొత్త ద్రావణంలో, కొత్త గొట్టంతో పది సార్లు కడగాలని నియమం. పొర పగలనివాటికే ఆ కడుగుడు పనిచేస్తుందట. పగిలిందో లేదో మనం చూడలేదు కాబట్టి ఆ నియమం మనకు వర్తించదు.

8. ఐవీఎఫ్ ల్యాబు పెడితే ఇంక్యుబేటరును ఫ్రిజ్జు పక్కనే, ఒకే ప్లగ్గుకు పెట్టండి.

దానికి 38.5 డిగ్రీల వేడి నిలకడగా ఉండాలి, కార్బన్ డయాక్సైడు 5 శాతం ఉండాలి. మేలో బెజవాడలో కరెంటు ఎలాగూ పోతుంది. ఇన్వర్టరు కొనకండి. గది వేడే సరిపోతుందని నమ్మండి. ఏడో రోజుకు బ్లాస్టోసిస్టు దశకు చేరినవాటికే బలం ఎక్కువ, వెనకబడినవి పక్కన పెట్టాలని పుస్తకాలు చెబుతాయి. మీరు వెనకబడినవాటి మీద దయ చూపించండి. పదో రోజు దాకా ఉంచి అన్నిటినీ కలిపి లెక్క చెప్పండి, సంఖ్య పెద్దదిగా కనిపిస్తుంది.

9. కరపత్రం మీద బ్రెజిల్ ఆవు బొమ్మ వేయించండి.

ఐవీఎఫ్‌లో పుట్టిన నెలోర్ ఆవు వియాటినా-19 గిన్నిస్ రికార్డుల్లోకెక్కింది, ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా. 2023లో దాని మూడో వంతు వాటా పలికిన ధరను బట్టి మొత్తం విలువ నలభై లక్షల డాలర్లు దాటింది. ఆ జాతి మూలం మన ఒంగోలు పశువులే, 1960లలో కరవది నుంచి వెళ్లిన గిత్త అక్కడి మందల్ని మార్చేసింది. అక్కడివాళ్లు తరాల తరబడి లెక్కలు రాసుకుని, ఎంచి ఎంచి, పనికిరానిదాన్ని తీసేసి అంతదాకా తెచ్చారు. కరపత్రంలో ఈ ముక్క వద్దు. బొమ్మ, డాలర్లు, మీ ఫోన్ నంబరు చాలు. రైతు అడిగితే దాని ముత్తవ్వది గుడివాడ అనండి.

గుంటూరు పక్కన లాం ఫారంలో ఒంగోలు జాతి మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల 1998 నుంచి ఉంది. అటువైపు రైతుల్ని తీసుకెళ్లకండి. అక్కడ ఎవరో ఒకరు ఓపిగ్గా అన్నీ చెబుతారు, ఆ తర్వాత రైతు మిమ్మల్ని ప్రశ్నలు అడగడం మొదలుపెడతాడు.

10. నైట్రోజన్ క్యాను మూత తీసి తీరిగ్గా చూడండి.

గడ్డకట్టించిన పిండాలు దాచే ఆ క్యాను లోపల మైనస్ 196 డిగ్రీలుంటుంది. స్ట్రాలున్న గొట్టాన్ని క్యాను మెడ దాటనివ్వకుండా, పటకారుతో క్షణాల్లో తీసుకోవాలంటారు. మీరు గొట్టాన్ని బయటికి లాగి, వెలుతురులో పట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేరూ చదవండి. పొగలు కమ్ముతుంటే చుట్టూ చేరిన పిల్లలకు సరదాగా ఉంటుంది. ద్రవం తగ్గితే నింపించకండి, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఎవరు తిరుగుతారు? అడుగున కాస్త చల్లగా తగిలితే చాలు.

స్ట్రాను కొన్ని సెకన్లు గాలిలో ఉంచి, 25 నుంచి 30 డిగ్రీల నీళ్లలో పది సెకన్లకు పైగా పెట్టి, పది నిమిషాల్లోపు పశువులో పెట్టాలని పద్ధతి. మీరు స్ట్రాను చొక్కా జేబులో వేసుకోండి. రైతు ఇంటికెళ్లి, మజ్జిగ తాగి, పిల్లల చదువులు అడిగి, అప్పుడు లేవండి.

11. ఎవరికీ అక్కర్లేని పశువునే మోయడానికి ఎంచండి.

మంచి దిట్టమైన, ఒకటి రెండు ఈతలు సాఫీగా ఈనిన, పిల్లిపెసర, చెక్క, ఖనిజ లవణం సరిగ్గా తిన్న పశువైతే పిండం నిలుస్తుంది. అలాంటి పశువును రైతు ఇవ్వడానికి వెనకాడతాడు, బతిమాలాలి. తిరగపొర్లేది, ఒట్టి వరిగడ్డి మీద బతుకుతూ పక్కటెముకలు బయటపడ్డది, వట్టిపోయి మూలన కట్టేసినది అయితే మాట పడకముందే ఒప్పుకుంటాడు. దాన్నే తీసుకోండి.

దాత ఎదకొచ్చిన రోజుకూ మోసే పశువు ఎదకొచ్చిన రోజుకూ తేడా ఒక్క రోజుకు మించకూడదన్నది గట్టి నియమం. గేదెల్లో మూగ ఎద ఎక్కువ. అరవదు, పైకెక్కదు, వేసవిలో తీగలు కూడా సరిగ్గా వేయదు. ఎప్పుడొచ్చిందని అడిగితే రైతు 'మొన్నో అటుమొన్నో' అంటాడు. 'సరిపోయింది' అనండి. అండం విడుదలైన వైపే పిండం పెట్టాలి, అది ఏ వైపో చేత్తో తడిమి తెలుసుకోవాలి. గేదెలో ఆ గుర్తు లోపలికి కూరుకుని ఉంటుంది కాబట్టి తడమడం దండగ. కుడిచేయి వాటం మనిషివైతే కుడివైపే పెట్టు నాయనా, ఎడంచేయి వాటమైతే ఎడమ.

ఏడు రోజులు నిండిన పిండం మొదటి రోజుల పిండం కంటే ఎండను బాగా తట్టుకుంటుంది. అందుకే ఎండాకాలంలో ఉత్త వీర్యం సూది కంటే పిండ మార్పిడి మేలన్న మాట కూడా ఉంది. ఆ మేలు మనకు అంటకుండా రోహిణీ కార్తెలో, మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డు కింద పెట్టండి. ఆ వేళ పర్యవేక్షణకు ఎవరూ రారు.

12. డబ్బు ముందే తీసుకోండి.

రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద ఐవీఎఫ్‌కు సబ్సిడీ చూడి ఖాయమైన లెక్కకు 5,000 రూపాయలుగా పెట్టారు. చూడి ఖాయం కావడమన్న షరతులోనే ఉంది చిక్కంతా. స్కానింగులో నెల రోజులకు తెలుస్తుంది, చేత్తో చూస్తే రెండు నెలలకు. మన వసూలు మాత్రం పిండం పెట్టిన చేతిని కడుక్కునేలోపు అయిపోవాలి.

13. సాకుల్ని నెలల వారీగా సిద్ధం చేసుకోండి.

వైశాఖంలో ఎండ. ఆషాఢంలో ఈదురుగాలి. కార్తీకంలో మంచు. ఏ నెలైనా పక్కింటి వాళ్ల దిష్టి. గ్రహణం వచ్చిన ఏడాది ఇంకేమీ వెతుక్కోవాల్సిన పనిలేదు. రికార్డులు అడిగితే మీ గది సింగ్ నగర్‌లో ఉండేదని, 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో అన్నీ కొట్టుకుపోయాయని చెప్పండి. వరద తర్వాత మొదలుపెట్టిన రికార్డులైనా సరే, అదే చెప్పండి.

మూడు వారాలకు ఫోనొస్తుంది. 'బాబూ, గేదె మళ్లీ ఎదకొచ్చినట్టుంది, రాత్రంతా అరుపులే' అని అవతల పిన్నిగారు. గొంతు నిదానంగా పెట్టి ఇలా అనండి: 'పిన్నిగారూ, అది ఉత్తుత్తి ఎద. లోపల బిడ్డ సర్దుకుంటోంది. తవుడు కాస్త తగ్గించండి, శుక్రవారం పసుపునీళ్లు చల్లండి.' తవుడు తగ్గితే పాలు తగ్గుతాయి, ఆమె ధ్యాస పాల మీదికి మళ్లుతుంది. రెండో ఫోను అయిదో నెలలో వస్తుంది, 'పొట్ట రాలేదేంటి బాబూ' అని. 'ఐవీఎఫ్ దూడ వెన్నెముక వైపు పెరుగుతుందమ్మా' అనండి.

14. దూడ పుట్టిందా, పోలికల గురించి ముందు మీరే మాట్లాడండి.

2023 జూన్‌లో తిరుపతి గోశాలలో ఒంగోలు ఆవు సాహివాల్ పెయ్యను ఈనింది. పిండం ఎవరిదైతే పోలిక వాళ్లదే. మోసిన తల్లి జాతి దూడకు రాదు. మీరు పెట్టిన పిండం కరిగిపోయి, ఎదకొచ్చిన పశువును ఊరి దున్న దాటి, నాటు దూడ పుట్టిందనుకోండి. 'మోసింది నాటు గేదె కదా బాబాయిగారూ, కడుపు పోలిక పోతుందా' అనండి. చెవికి పన్నెండంకెల పసుపు ట్యాగు వెంటనే వేయించి, తల్లి గడిలో పోటీలో కప్పు గెలిచిన గేదె నంబరు ఎక్కించండి. డీఎన్ఏతో తల్లిదండ్రుల్ని తేల్చే పరీక్ష ఉందని ఎవరైనా చదువుకున్న కుర్రాడు అంటే, దూడకు సూదంటే ప్రాణభయమని వాళ్ల నానమ్మతో చెప్పించండి.

15. దాతను చివరిదాకా వాడండి.

విరామం ఇవ్వకుండా హార్మోను గుచ్చండి, శుభ్రం చేయని గొట్టంతోనే కడగండి. కొన్నాళ్లకు గర్భాశయంలో చీము పడుతుంది, ఎద ఆగుతుంది, పాలు పోతాయి. ఊళ్లో అందరికన్నా ఎక్కువ పిండిన గేదె, కూతురనేదే లేకుండా సంతకు పోతుంది. ఇప్పుడు ఆ ఇంటికి కొత్త గేదె కావాలి. హర్యానా ముర్రాలు తెచ్చే లారీవాడి నంబరు మీ దగ్గర ఉండాలి. రైతును రోహ్‌తక్ దాకా మీరే వెంటబెట్టుకుని వెళ్లండి, కమిషన్ మాత్రం బయల్దేరకముందే మాట్లాడుకోండి.